గంపలో వచ్చిన చుట్టాలు

కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు నాకు ఫోన్ చేసి, "మేడమ్, కోడిపిల్లల్ని పాత కోళ్లలో ఎప్పుడు కలపాలి?" అని అడుగుతుంటారు. చెప్పడం తేలికే. మొదట వేరుగా పెంచండి. ఈకలు నిండి చలికి తట్టుకునే దశ వచ్చాక మధ్యలో ఒక వల కట్టి పెద్దకోళ్లకు చూపించండి. కొన్నాళ్లు అలా చూపు అలవాటయ్యాక, పొద్దుగూకి పెద్దవన్నీ గూట్లో సర్దుకున్నాక మెల్లగా లోపలికి వదలండి. తెల్లారేసరికి ఎవరు పాతో ఎవరు కొత్తో వాటికి పట్టదు. ఇంతవరకు చెప్పి ఫోన్ పెట్టేస్తాను. ఆ పద్ధతిని తు.చ. తప్పకుండా పాటించిన మనిషిని నా ఉద్యోగం మొత్తంలో ఒక్కామెనే చూశానని, ఆమె కోళ్లే ముందు పోయాయని మాత్రం చెప్పను. అది ఫోన్‌లో చెప్పే సంగతి కాదు గనుక ఇక్కడ రాస్తున్నాను.

నన్ను ఆ పల్లెల్లో కోళ్ల డాక్టరమ్మ అనేవాళ్లు. నేను డాక్టర్ని కాను, పశువుల ఆసుపత్రిలో సహాయకురాలిని. మొదట్లో కాదు కాదని సర్దిచెప్పేదాన్ని. పుల్లలచెరువులో ఒక పెద్దాయన, "ఏదో ఒకటి అనుకోనీలేమ్మా, చచ్చే గొర్రెకు నీ చదువుతో పనేంది" అన్నాక ఆ ప్రయత్నం మానుకున్నాను. ఉద్యోగమంతా ఈ మెట్ట మండలాల్లోనే గడిచింది. చివరి పోస్టింగు అర్ధవీడు వైపు. ఆసుపత్రిలో మేం ముగ్గురం. డాక్టరు కోస్తా నుంచి వచ్చిన కుర్రవాడు. ఉన్నది ఉన్నట్టు మొహం మీద చెప్పేసేవాడు, అబద్ధమాడటం చేతకాదు. అటెండరు నా ఈడువాడే. టీకా మందుల ఫ్రిజ్‌లో తన మజ్జిగ సీసా దాచుకుని డాక్టరు చేత తిట్లు తినడం అతని దినచర్య.

ఆ ఏడు పెరటికోళ్ల పథకం కింద మాకు కోడిపిల్లలు వచ్చాయి. తీసుకున్నవాళ్లలో గొర్రెల కాపరుల ఇంటి కోడలు ఒకామె ఉంది. మొగుడు మందను తోలుకుని కాలవల కిందికి మేతకు పోతే మళ్లీ వానలు పడేదాకా రాడు. ఇంట్లో ఆమె, ఇద్దరు చిన్న ఆడపిల్లలు. పిల్లలకు రోజూ ఒక గుడ్డు పెట్టుకోవచ్చన్న ఆశతో తీసుకుంది. ఆమెకు అప్పటికే నాటుకోళ్లు ఉన్నాయి. నల్లటి ఒళ్లు, మెడచుట్టూ పసుపు ఈకలు. ఊళ్లో ఎక్కడ కనబడ్డా అవి ఆమె కోళ్లేనని గుర్తుపట్టొచ్చు.

"ఇయి మా అమ్మ కోళ్లక్కా," అని చెప్పింది మొదటిరోజు. "నేను కాపరానికి వచ్చేటప్పుడు మా అమ్మ రెండు పెట్టల్ని ఇచ్చి పంపించింది. ఇప్పుడుండేటియన్నీ వాటి సంతే, వాటి పిల్లల పిల్లలు. అమ్మ పోయింది, నాయన పోయినాడు. పుట్టింటిదని చెప్పుకునేదానికి ఇయే మిగిలినయి."

మార్కాపురం పలకల గనుల దగ్గర పారేసిన రాతిచెక్కల్ని తెచ్చి, ఒకదాని మీద ఒకటి పేర్చి, వాటికొక గూడు కట్టింది. వేసవిలో చెయ్యి లోపల పెడితే చల్లగా ఉండేది. మా ఆసుపత్రి రేకుల కింద ఎండకు ఉడికిపోయే నాకు ఆ గూడంటే కొంచెం అసూయగానే ఉండేది.

కోడిపిల్లల్ని ఆమె పెంచిన తీరు చూసి తీరాలి. ఇంట్లో ఒక మూల అట్టలు గుండ్రంగా నిలబెట్టి, నేల మీద ఊక పరిచి, పైన బల్బు వేలాడదీసింది. కరెంటు పోతే కుండలో నిప్పులు పోసి మధ్యలో పెట్టేది. పిల్లలు నిప్పుల దగ్గర గుంపుకడితే చలి, దూరంగా పోతే వేడి అని చెబితే, అన్నం తింటూ కూడా అటే చూసేది. సజ్జ నూక తానే విసిరేది. బయట తిరిగిన చెప్పులతో పిల్లల మూలకు పోవద్దంటే, దానికోసం వేరే ఒక పాత జత పెట్టుకుంది. చేతులు కడుక్కుని గానీ ముట్టుకోవద్దన్నప్పుడు మాత్రం నా మొహం చూసి నవ్వింది.

"ట్యాంకరు వచ్చిన పొద్దు కడుగుతా. రాని పొద్దు దండం పెట్టి ముట్టుకుంటా, సరేనా?"

"సరే కాదు. పెద్దకోళ్లు గానీ, ఇంకే కోళ్లు గానీ, ఈ పిల్లల జోలికి రాకూడదు. కలిపే రోజు నేను చెబుతాను," అన్నాను.

ఆ మాట అన్నది నేనే. అందులో తప్పు లేదు. ఇప్పుడడిగినా అదే చెబుతాను.

కోడిపిల్లలకు కంట్లో చుక్కల మందు వేశాం. అది కొక్కెర తెగులు రాకుండా వేసేది. ఆ తెగులు సంగతి తెలియని కొత్తవాళ్ల కోసం చెబుతున్నాను: కోడి పచ్చగా పారుతుంది, గుర్రుగుర్రుమని ఊపిరి తీస్తుంది, మెడ తిప్పేసుకుని పడిపోతుంది. వచ్చాక మందు లేదు. ఒక గూట్లోకి వచ్చిందంటే ఆ గూడు ఖాళీ అయినట్టే. పెద్దకోళ్లకు టీకా వేయాలంటే ఊరంతా ఒక్కసారే వేయాలి. సీసా ఒకసారి కలిపితే కాసేపే పనిచేస్తుంది, ఒక ఇంటి కోళ్ల కోసం కలిపితే మిగిలిందంతా పారబోయడమే. గొర్రెలకు మందు తాపే పని అయిపోయాక కోళ్ల పని పెట్టుకుందామని ఊరివాళ్లు అన్నారు. ఒక ఉదయం, గూళ్ల తలుపులు తీయకముందే వస్తామని చెప్పాం.

ఈలోగా ఆమె వాకిట్లో వల కట్టింది. మామిడి తోటలో పారేసిన వలముక్క అది. ఇటు మా పిల్లలు, అటు అమ్మ కోళ్లు. ఒక ముసలి పెట్ట రోజూ వల దాకా వచ్చి, మెడ వంకర పెట్టి పిల్లల్ని చూసి, ఒకసారి వలను పొడిచి పోయేది. "అత్తగారు వచ్చింది చూడు," అని ఆమె నవ్వేది. పిల్లలు కూడా ఆ వేళకు వచ్చి వల పక్కన నిలబడేవి. టీకాలు అయిపోయాక కలిపేద్దామని చెప్పాను. ఆమె ఆ రోజు కోసం చూస్తూ ఉండింది.

ఇక్కడ మా వైపు అలవాటు ఒకటి చెప్పాలి. ఒక ఊళ్లో కోళ్లకు తెగులు వచ్చిందంటే, ఇంకా తెగులు తగలని ఇంటివాళ్లు తమ మంచి పెట్టల్ని గంపలో పెట్టి, పైన గుడ్డ కట్టి, వేరే ఊళ్లోని చుట్టాల ఇంట్లో దాచిపెడతారు. సంతు మిగలాలని. ఇల్లు అంటుకుంటే పిల్లల్ని పక్కింట్లో దింపినట్టే అనుకుంటారు. ఏళ్లతరబడి ప్రతి ఊళ్లో ఇది వద్దని చెబుతూ వచ్చాను. అందరూ తలూపేవాళ్లు. తీరా తెగులు వచ్చినప్పుడు అందరూ గంప కోసమే వెతికేవాళ్లు. వాళ్లననడానికి లేదు, గంపలోకి ఎక్కేటప్పుడు కోళ్లు నిక్షేపంగానే ఉంటాయి. రోగం బయటపడేది చుట్టాలింటికి చేరాకే.

మేం టీకాలకు పోయిన ఉదయం, ముందు ఆమె ఇంటికే పోయాం. మంచుపెట్టె అటెండరు చేతిలో ఉంది. ఆమె గూడు ముందు నిలబడి ఉంది. వల ఇవతల కోడిపిల్లలు గోల చేస్తున్నాయి. గూట్లో మాత్రం సద్దు లేదు.

"ఇయాల తలుపు తియ్యలేదక్కా," అంది. "తియ్యబుద్ధి కాలే."

రాతిచెక్కల సందులోంచి చూశాను. మూల రెండు కోళ్లు చచ్చి పడున్నాయి. ఎర్రగా ఉన్నాయి, ఆమెవి కావు. వాటి పక్కన ఆ ముసలి పెట్ట మెడ వీపు మీదికి మెలిదిప్పి నోరు తెరుచుకుని ఉంది. నేలంతా పచ్చటి రెట్ట. మిగిలినవి ఈకలు విప్పుకుని కళ్లు మూసుకుని ఉన్నాయి. గుర్రుమనే చప్పుడు ఇప్పుడు వినబడింది.

"ఆ ఎర్ర కోళ్లు ఎవరివి?" అని అడిగాను.

ఆమె పోయి వల ముడి బిగించింది. డాక్టరు మళ్లీ అడిగాడు. అప్పుడు నా వైపు తిరిగి చెప్పింది.

"మా వదినవి. వాళ్ల ఊళ్లో కోళ్లు పోతాన్నాయంట. మా ఆయనకు అక్క ఆమె. పోయిన వారం గంప నెత్తిన పెట్టుకొని ఎండలో నడిచి వచ్చింది. గడప కాడ నిలబెట్టి వద్దని ఎట్ల చెప్పేదక్కా ఆడబిడ్డకు?"

"పెద్దగూట్లో ఎందుకు పెట్టావు మరి?"

"పిల్లల జోలికి ఏ కోడీ పోగూడదని నువ్వే చెప్పినావు గదా. పిల్లల దిక్కు పోనీలేదు. అందుకనే ఆ గూట్లో ఏసినా."

 డాక్టరు గూడు చుట్టూ తిరిగి వచ్చి, ఇక ఇవి బతకవమ్మా అని చెప్పేశాడు. చచ్చినవీ, చావబోయేవీ అన్నీ పెరట్లోనే లోతుగా గొయ్యి తీసి సున్నం పోసి పూడ్చాలన్నాడు. ఆమె చుక్కల మందైనా వెయ్యమని బతిమాలింది. ఆయన, "తెగులు లోపలికి వెళ్లాక మందు పనిచేయదమ్మా," అన్నాడు. ఆయన గొంతు మామూలుగానే ఉంది గానీ మంచుపెట్టె మూత రెండుమూడు సార్లు తీసి వేశాడు.

అటెండరు గొయ్యి తవ్వాడు. పక్కిళ్లవాళ్లు గోడల మీంచి చూస్తున్నారు. ఒక్కొక్క కోడినీ ఆమే ఎత్తుకొచ్చి ఇచ్చింది. మేం చేస్తామంటే వినలేదు. అన్నీ అయ్యాక లోపలికి పోయి, ఒక గంప తెచ్చింది. అందులో ఊక మీద గుడ్లు ఉన్నాయి. ఇంట్లో మూల ఒక నల్ల పెట్ట పొదుగుతూ ఉందట, రెండు రోజులుగా గుడ్ల మీదే తల వాల్చేసి ఉందట.

"ఈ గుడ్లన్నా బతికించుకుంటానక్కా. కంభంలో మా పిన్ని ఉంది. వాళ్లింట్లో పెట్ట పొదుగుడు మీద ఉంది. దాని కింద పెట్టమంటా. గుడ్డుకేం రోగం ఉంటాది?"

డాక్టరు నా వైపు చూశాడు. గుడ్డు పైపెంకు మీద, ఊకలో, గంపలో తెగులు అంటుకునే ఉంటుందని ఆయన చెప్పగలడు. అది ఆమె వినేలా చెప్పాల్సింది నేనే.

"మీ వదిన గంప నీ ఇంటికి ఎట్ల వచ్చిందో, ఈ గంప మీ పిన్ని ఇంటికి అట్లే పోతాది," అన్నాను.

ఆమె గంప కింద పెట్టింది. ఒక గుడ్డు తీసి, కొంగుతో తుడిచి, చెవి దగ్గర పెట్టుకుంది.

"లోపల కదులుతాంది," అంది.

 ఆమె కాసేపు దాన్ని అట్లాగే పట్టుకుని, వంగి, గోతిలో పెట్టింది. విసరలేదు, పెట్టింది. తర్వాత ఒక్కొక్కటిగా మిగిలినవన్నీ. ఆ పెట్టను కూడా తెచ్చి ఇచ్చింది. ఈ ఉద్యోగంలో ఎన్నో పశువుల చావులు చూశాను, ఎన్నింటినో నా చేత్తో పూడ్పించాను. గుడ్లు పూడుస్తుంటే నేను ఏడ్చింది మాత్రం ఆ ఒక్కరోజే.

చేతులు కడగడానికి బిందెలో ఉన్న నీళ్లన్నీ ఆమె మాకే పోసింది. పోస్తూ మెల్లగా అంది.

"ఊళ్లో ఎవరడిగినా మా వదిన తెచ్చిందని చెప్పొద్దక్కా. తెలిస్తే ఊరోళ్లు ఆమెను వాకిట్లోకి రానియ్యరు. తన కోళ్ల వల్లేనని తెలిస్తే ఆమే మళ్లీ ఈ గడప తొక్కదు, అంత రోషం. రెండు కాన్పులకూ మా అమ్మ బదులు ఆమే వచ్చి చేసింది. నాకు మళ్లీ నెల తప్పింది."

"వాళ్ల ఊళ్లో తెగులు ఉందని మేం పోయి చూడాల్సిందేనమ్మా," అన్నాను.

"పోండి. ఆ ఊళ్లో ఏమన్నా చేసుకోండి. ఈ ఇంటికి ఎట్ల వచ్చిందో అది ఒక్కటి చెప్పొద్దు."

సరే అన్నాను.

మేం బయటికి వచ్చేసరికే ఊళ్లో మాట పుట్టింది. రచ్చబండ దగ్గర ఒక పెద్దమనిషి మమ్మల్ని ఆపాడు. ఆయన అడిగిందానికి అడ్డంకొట్టే వీలు లేదు.

"గూట్లో కోళ్లన్నీ చచ్చినయ్. మీరిచ్చిన సర్కారు పిల్లలు మాత్రం తిరుగుతానే ఉన్నాయి. అయి బతికి ఇయి ఎట్ల చచ్చినయ్ తల్లీ? తెచ్చింది అయ్యే గదా?"

డాక్టరు నోరు తెరిచాడు. నేను ఆయన మోచెయ్యి పట్టుకున్నాను. ఆ పిల్లలకు ముందే మందు వేశాం, అందుకే బతికాయి, మీ కోళ్లకూ ఇప్పుడు వేయించుకోండి, తెగులు గాలికి కూడా వస్తుంది అని నేను చెప్పాను. ఆయన చివరిదాకా విని, "మా కోళ్లకేం వద్దులే" అన్నాడు. మరో వీధికి పోతే అక్కడా అదే. గూళ్ల తలుపులు బార్లా తీసి కోళ్లను ముందే తరిమేశారు. నలుగురైదుగురు వేయించుకున్నారంతే. కలిపిన మందు రోడ్డు పక్కన పారబోశాం.

జీపు ఊరు దాటాక డాక్టరు అడిగాడు. 

"నిజం చెప్పి ఉంటే ఊరంతా వేయించుకునేవాళ్లు కదండీ?"

"వేయించుకునేవాళ్లు సార్."

"మరి?"

"ఆమెకు కాన్పుకు మీరొస్తారా సార్, నేనొస్తానా?"

"మన పని కోళ్లండీ," అన్నాడు ఆయన. అందులోనూ తప్పు లేదు.

నెల తిరక్కుండానే ఆ ఊళ్లో కోడికూత లేకుండా పోయింది. మందు వేయించుకున్న ఆ నాలుగైదిళ్లలో తప్ప ఎక్కడా మిగల్లేదు. పొద్దున్నే ఆ ఊరి మీదుగా పోతుంటే ఆ నిశ్శబ్దం నన్నే తిడుతున్నట్టు ఉండేది. నిజంగా తిట్టినవాళ్లూ ఉన్నారు. కోళ్లు తిన్న డాక్టరమ్మ వచ్చిందనేవాళ్లు. డాక్టరు నాతో పని మాటలు తప్ప మాట్లాడటం మానేశాడు, బదిలీ మీద పోయేదాకా అంతే. అటెండరు మాత్రం ఒకరోజు ఫ్రిజ్‌లోంచి తన మజ్జిగ సీసా తీసి, సగం గ్లాసులో పోసి నా బల్ల మీద పెట్టి పోయాడు.

నేను చేసింది ఒప్పా అని మీరు అడగొచ్చు. ఆ ఊళ్లో కోళ్లు పోగొట్టుకున్న ప్రతి ఇంటి ఆడమనిషికీ నేను జవాబుదారీనే. అయినా మళ్లీ ఆ వాకిట్లో నిలబెట్టి అడిగితే, సరే అననని నేను చెప్పలేను. కోపం మాత్రం ఉంది. ఎవరి మీద అని అడిగితే, ఆ గంప మీద అనాల్సి వస్తుందేమో.

ఆ తర్వాత ఒక సాయంత్రం ఆమె ఇంటికి పోయాను. గూడంతా సున్నం కొట్టి, ఎండబెట్టి, మళ్లీ పేర్చి ఉంది. పిల్లలు ఎదిగిపోయాయి. కలపడానికి ఇంకెవరూ లేరు గనుక వల విప్పి ఒక పక్కకు వేసింది. పొద్దుగూకుతున్నా అవి గూట్లోకి పోవడం లేదు. వల ఉండే చోటుకే పోయి, వరసగా నిలబడి, ఆవలి వైపు చూస్తున్నాయి.

"రోజూ ఇంతేనక్కా," అంది. "ఒక్కొక్కదాన్నీ పట్టుకొని లోపలేస్తాన్నా."

ఇద్దరం కలిసి వాటిని గూట్లో వేశాం. చేతులకు వాటి గుండె కొట్టుకోవడం తగులుతోంది.

రిటైరయ్యే ముందు గేదెలకు టీకాల పని మీద ఆ ఊరికి చివరిసారి పోయాను. ఆమె ఇంటి ముందు ఆగాను. మగపిల్లవాడు పుట్టాడని తెలిసింది. వాకిట్లో పీట మీద పొడుగాటి ఆడమనిషి ఒకావిడ కూర్చుని, కాళ్లు చాపి, వాటి మీద పసిబిడ్డను పడుకోబెట్టి నీళ్లు పోస్తోంది. పక్కన రెండు బిందెల నీళ్లు, కాగులో మరికొన్ని. అన్ని నీళ్లు ఎక్కడి నుంచి మోసుకొచ్చిందో గానీ, ఆ ఇంట్లో అన్ని నీళ్లు ఒక్కసారి నేనెప్పుడూ చూడలేదు. బాలింత లోపల మంచం మీద, చెవులకు గుడ్డ కట్టుకుని పడుకుని ఉంది.

"నువ్వేనా కోళ్ల డాక్టరమ్మవి?" అంది ఆ ఆడబిడ్డ, బిడ్డ మీద నుంచి చూపు తిప్పకుండానే.

"అవునమ్మా."

"నీ సర్కారు పిల్లలు మా మరదలి కోళ్లన్నీ తినేసినయి. వాళ్లమ్మ ఇచ్చిన సంతు. దాని ఉసురు నీకు ఊరికే పోదు. మా ఊళ్లో తెగులని, నా రెండు ఎర్ర పెట్టల్ని గూడా నమ్మి ఈడ దాచిపెట్టినా. అయి గూడా నీ పిల్లల పాలాయె."

మంచం మీద ఆమె తల ఎత్తి నన్ను చూసింది. ఆ చూపును ఇప్పటికీ మరిచిపోలేదు. అందులో బతిమాలడం ఉంది, భయం ఉంది.

"అవునమ్మా," అన్నాను. "మా పిల్లలే."

మంచం మీద ఆమె మెల్లగా గోడ వైపు తిరిగి పడుకుంది. ఆడబిడ్డ ఇంకా ఏదో అంటూనే ఉంది. అంటూనే, బిడ్డ నుదుటికి అరచెయ్యి అడ్డం పెట్టి, కళ్లలో పడకుండా నీళ్లు పోస్తోంది.